ఆఫ్రికా వన్యప్రాణుల స్మారక నాణేలు: ఎంపిక నుంచి భద్రత దాకా సమగ్ర మార్గదర్శి

ఆఫ్రికా జంతువుల బొమ్మలున్న నాణేలను సేకరించడం మొదలుపెట్టేవారిని ముందుగా తికమక పెట్టేది వాటి సంఖ్య. దక్షిణాఫ్రికా, సోమాలియా, రువాండా, జాంబియా, కాంగో, టాంజానియా పేర్లతో ఏనుగులు, సింహాలు, గొరిల్లాలు ఏటా కొత్తగా వస్తూనే ఉంటాయి. వీటిలో కొన్ని ఆ దేశపు బజారులో చెల్లే చిల్లర; కొన్ని వెండి, బంగారం ధరను బట్టి అమ్ముడయ్యే బులియన్ నాణేలు; కొన్ని ఒక సందర్భాన్నో ఆశయాన్నో గుర్తుచేయడానికి పరిమిత సంఖ్యలో అచ్చొత్తిన అసలైన స్మారక నాణేలు; మిగిలినవి ఒక దేశం పేరును మాత్రమే మోస్తూ, ఆ దేశపు నేలను ఎన్నడూ తాకని వ్యాపార సరుకు. అమ్మకపు పుటల్లో ఈ నాలుగు రకాలూ పక్కపక్కనే కనిపిస్తాయి, అన్నింటికీ 'స్మారక నాణెం' అనే పేరే పెడతారు. జంతువు బొమ్మను చూసి మురిసిపోయి కొనేవారికి ఈ తేడా తెలియదు. నాణెం మీద జంతువు పోగా మిగిలినదంతా చదవగలిగినవారికి మాత్రం డబ్బు వృథా కాదు. ఈ మార్గదర్శి ఆ చదువు కోసమే.

మొదటి మెట్టు: ఏ దారిలో సేకరించాలో తేల్చుకోవడం

అన్నీ కొనాలనుకునేవారి పెట్టె త్వరగా నిండుతుంది కానీ దానికొక రూపం రాదు. కొనడానికి ముందే ఒక దారిని ఎంచుకోవాలి.

అన్నింటికన్నా చవకైన దారి చలామణీ నాణేలది. కెన్యా 2010 రాజ్యాంగంలోని 231వ అధికరణం నోట్ల మీద, నాణేల మీద ఏ వ్యక్తి చిత్రమూ ఉండరాదని నిర్దేశించింది. దాని ఫలితంగా 2018 డిసెంబరులో అధ్యక్షుల ముఖాలు తొలగిపోయి, ఒక షిల్లింగు మీద జిరాఫీ, అయిదు మీద ఖడ్గమృగం, పది మీద సింహం, ఇరవై మీద ఏనుగు వచ్చాయి. ఈ నాలుగూ కలిపినా మన డబ్బుల్లో ఖర్చు స్వల్పమే, పైగా వీటి వెనుక ఒక దేశపు రాజకీయ చరిత్ర ఉంది. దక్షిణాఫ్రికా 2023లో తన చిల్లర నాణేలను మార్చినప్పుడు పది సెంట్ల మీద కేప్ తేనెటీగను, యాభై సెంట్ల మీద నైస్నా టురాకో పక్షిని, రెండు రాండ్ల మీద స్ప్రింగ్‌బాక్ జింకను, అయిదు రాండ్ల మీద పిల్లతో ఈదుతున్న తిమింగలాన్ని ముద్రించింది. బోట్స్వానా ఒక పులా నాణెం మీద జీబ్రా, టాంజానియా రెండు వందల షిల్లింగుల నాణెం మీద సింహాలు ఉన్నాయి. పిల్లలతో కలిసి సేకరించేవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది. వీటిలో వెండి లేదు, కాబట్టి మోసం చేసేవారికి పెద్దగా ఆసక్తీ లేదు.

రెండవది ఏటేటా వచ్చే బులియన్ వరుసల దారి. ఇందులో ఎక్కువమంది ఎంచుకునేది సోమాలియా ఏనుగు. ఈ వరుస 1999లో జాంబియా పేరుతో మొదలై, 2004 నుంచి సోమాలియా పేరుతో సాగుతోంది; అచ్చొత్తేది మాత్రం జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఉన్న బవేరియా టంకశాల. ఏనుగు బొమ్మ ఏటా మారుతుంది. నాణేనికి రెండో వైపున ఉండే సోమాలియా రాజచిహ్నంలో డాలును పట్టుకుని నిలిచినవి రెండు చిరుతపులులు, కాబట్టి ఈ నాణేనికి రెండు వైపులా వన్యప్రాణులే. రువాండా యాభై ఫ్రాంకుల వెండి నాణేల వరుస 2008లో గొరిల్లాతో మొదలై, ఏటా ఒక కొత్త జంతువుతో నడిచింది. దక్షిణాఫ్రికా టంకశాల 2019లో 'బిగ్ ఫైవ్' వరుసను ఏనుగుతో ఆరంభించింది; సింహం, ఖడ్గమృగం, చిరుతపులి, అడవిదున్న తరువాత వచ్చాయి. కాలినడకన వేటాడడానికి అత్యంత ప్రమాదకరమైనవిగా వేటగాళ్లు లెక్కగట్టిన అయిదు జంతువులకు పెట్టిన పేరే ఇప్పుడు సంరక్షణ ప్రచారానికి పనికివస్తోంది. ఈ వరుసలో మరో విశేషం ఏమిటంటే, నాణేనికి ఒక వైపున జంతువు ముఖం రెండు సగాలుగా విడిపోయి చెరో అంచున ఉంటుంది. అలాంటివి రెండింటిని పక్కపక్కన పెడితే ముఖం పూర్తవుతుంది. ఒకే జంతువును రెండు కొనిపించడానికి ఇంతకన్నా తెలివైన ఉపాయం మరొకటి కనబడదు. చూడడానికి మాత్రం అది నిజంగానే బాగుంటుంది.

మూడవది 1970ల నాటి సంరక్షణ నాణేల దారి. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి నా సిఫారసు ఇదే, దీనిని గురించి కింద విడిగా వివరిస్తాను.

రంగులు అద్దినవి, బంగారు పూత పూసినవి, రాళ్లు పొదిగినవి ఈ మూడు దారుల్లోనూ అడ్డు వస్తుంటాయి. టంకశాలే రంగు వేసి విడుదల చేసిన నాణేలు లేకపోలేదు. అయితే మామూలు బులియన్ నాణేన్ని కొని, దాని మీద రంగో పూతో వేయించి, మూడింతల ధరకు అమ్మే వ్యాపారమే ఎక్కువగా సాగుతోంది. తిరిగి అమ్మేటప్పుడు అటువంటి నాణేన్ని పాడైనదాని కిందే లెక్కగడతారు.

రెండవ మెట్టు: నాణేన్ని చదవడం

ఇందుకు క్రూగర్‌రాండ్‌ను మించిన పాఠం లేదు. 1967లో దక్షిణాఫ్రికా తన గనుల బంగారాన్ని ప్రపంచమంతా అమ్ముకోవడానికి దీనిని తెచ్చింది. ఒక వైపున పందొమ్మిదవ శతాబ్దపు అక్కడి నేత పాల్ క్రూగర్ ముఖం, మరో వైపున కూర్ట్ స్టైన్‌బర్గ్ చెక్కిన స్ప్రింగ్‌బాక్ జింక ఉంటాయి. ఆ జింక అంతకు ముందే, 1947 నుంచి, ఆ దేశపు అయిదు షిల్లింగుల వెండి నాణేల మీద ఉన్నదే.

జింక వైపు తిప్పి చూస్తే, సంవత్సరపు అంకెలు రెండు ముక్కలై జంతువుకు రెండు పక్కలా కనబడతాయి. పైన నాణెం పేరు, కింద ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు భాషల్లో 'శుద్ధ బంగారం ఒక ఔన్సు' అన్న వాక్యం ఉంటాయి. ఎన్ని రాండ్లో చెప్పే అంకె ఎక్కడా ఉండదు. అయినా అది చట్టబద్ధమైన నాణెమే, దాని విలువ ఆనాటి బంగారం ధర. ఇక్కడే చాలామంది పొరబడతారు: 'ఒక ఔన్సు' అని ఉంది కదా అని కాటా మీద పెట్టి 31.1 గ్రాములకు బదులు 33.93 గ్రాములు కనబడేసరికి నకిలీ అనుకుంటారు. ఇది 22 క్యారెట్ల నాణెం. అందులో 31.1 గ్రాముల మేలిమి బంగారంతో పాటు గట్టిదనం కోసం దాదాపు 2.83 గ్రాముల రాగి కలిసి ఉంటుంది. ఎర్రటి ఛాయ ఆ రాగిదే. తరువాత అంచును చూడాలి. మామూలు క్రూగర్‌రాండ్ అంచు మీద 160 గీతలు ఉంటాయి, ప్రూఫ్ నాణెం మీద 220 ఉంటాయి. భూతద్దం పట్టుకుని పావు వంతు అంచును లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే, అమ్మేవారు చెబుతున్నది నిజంగా ప్రూఫా కాదా అన్నది తేలిపోతుంది.

ప్రూఫ్ అంటే ప్రత్యేకంగా మెరుగుపెట్టిన అచ్చులతో, మెరుగుపెట్టిన బిళ్ల మీద, ఒకటికి మించిన దెబ్బలతో ముద్రించిన నాణెం. నేపథ్యం అద్దంలా మెరుస్తూ, జంతువు మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా కనబడుతుంది. బులియన్ నాణెం వేగంగా, పెద్ద సంఖ్యలో అచ్చొత్తినది, దాని మీద చిన్న చిన్న గీరలు సహజం. ఈ రెండింటికీ మధ్యస్థంగా 'ప్రీమియం అన్‌సర్క్యులేటెడ్' అనే తరగతి కూడా ఉంది. క్రూగర్‌రాండ్‌కు యాభై ఏళ్లు నిండిన 2017లో తొలిసారి వచ్చిన వెండి క్రూగర్‌రాండ్ ఆ కోవలోదే. దాని మీద యాభయ్యవ వార్షికోత్సవపు చిన్న గుర్తు ఉంటుంది. ఇలాంటి చిన్న గుర్తును ప్రివీ మార్క్ అంటారు.

ఇక ఏ నాణేన్ని చేతిలోకి తీసుకున్నా అయిదు ప్రశ్నలకు జవాబు వెతకాలి: ఏ దేశం పేరు ఉంది, ముఖవిలువ ఎంత, ఏ సంవత్సరం, ఏ లోహం ఎంత శుద్ధిలో, ఏ టంకశాల. మొదటి నాలుగూ సాధారణంగా నాణెం మీదే దొరుకుతాయి. అయిదవది దొరకకపోవచ్చు, నుమిస్టా వంటి ఆన్‌లైన్ జాబితాల్లో వెతికి పట్టుకోవాలి. మన హైదరాబాద్ టంకశాల నాణేల మీద సంవత్సరం కింద నక్షత్రం గుర్తును చూసి గుర్తుపట్టే అలవాటు ఉన్నవారికి ఇది కొంత చికాకే. దేశం ఒకటి, టంకశాల మరో ఖండంలో ఉండడం ఈ రంగంలో నేరం కాదు. సోమాలియా ఏనుగు అందుకు మర్యాదస్తుడైన ఉదాహరణ. అయితే టంకశాల పేరు ఎక్కడా చెప్పని, ఎన్ని ముద్రించారో తెలియని, ఆ దేశపు కేంద్ర బ్యాంకు ఊసే లేని నాణేన్ని 'అరుదైనది' అంటే నమ్మవలసిన అవసరం లేదు.

మూడవ మెట్టు: 1970ల సంరక్షణ నాణేలను అర్థం చేసుకోవడం

1974లో ప్రపంచ వన్యప్రాణి నిధి, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం కలిసి, అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల కోసం నాణేల వరుస ఒకటి మొదలుపెట్టాయి. ఇరవైకి పైగా దేశాలు అందులో చేరాయి. ఒక్కో దేశానికి రెండు వెండి నాణేలు, ఒక బంగారు నాణెం అన్నది పద్ధతి. ఆఫ్రికా నుంచి టాంజానియా ఇరవై అయిదు షిల్లింగుల మీద జిరాఫీలను, యాభై మీద నల్ల ఖడ్గమృగాన్ని, పదిహేను వందల షిల్లింగుల బంగారు నాణెం మీద చీతాను ఎంచుకుంది. అప్పట్లో జైర్ అన్న పేరున్న కాంగో 1975లో కొండ గొరిల్లాలను, జిరాఫీకి చుట్టమైన ఒకాపిని, చిరుతపులిని ముద్రించింది. సూడాన్ 1976లో షూబిల్ కొంగను, నీటిగుర్రాన్ని, కత్తిలా వంపు తిరిగిన కొమ్ముల ఓరిక్స్ జింకను; మలావీ 1978లో జీబ్రాను, సేబుల్ జింకను; జాంబియా 1979లో ఆఫ్రికా అడవి కుక్కను తమ నాణేల మీదికి తెచ్చాయి.

ఈ నాణేలను పక్కపక్కన పెట్టి ఆ జంతువుల తరువాతి కథ చదివితే సేకరణకు అర్థం ఏర్పడుతుంది. మారిషస్ 1975లో యాభై రూపాయల నాణెం మీద తన కెస్ట్రెల్ డేగను ముద్రించింది. అంతకు ముందు ఏడాది, 1974లో, అడవిలో బతికి ఉన్నట్టు తెలిసిన ఆ డేగలు నాలుగంటే నాలుగు. సంరక్షకులు గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచి వదిలిన తరువాత అవి వందల్లోకి పెరిగాయి. (తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన దేశం కాబట్టి మారిషస్ నాణేలు మన ఇళ్లలో అక్కడక్కడా కనబడతాయి, బంధువుల పాత పెట్టెల్లో ఇది ఉందేమో అడిగి చూడడం మంచిది.) సూడాన్ బంగారు నాణెం మీది ఓరిక్స్‌ది మరో కథ: 2000లో అది అడవిలో పూర్తిగా అంతరించినట్టు ప్రకటించారు, బందీగా పెరిగిన మందల నుంచి 2016లో చాద్ దేశంలో తిరిగి వదలడం మొదలై, 2023లో దాని స్థాయిని 'అడవిలో అంతరించినది' నుంచి 'ప్రమాదంలో ఉన్నది'గా మార్చారు. టాంజానియా నాణెం ముద్రించిన రోజుల్లో వేల సంఖ్యలో ఉన్న నల్ల ఖడ్గమృగాలు, 1990ల మధ్యకు ఆఫ్రికా అంతటా కలిపి రెండున్నర వేలకన్నా తక్కువకు పడిపోయాయి. నాణేలు ఏ జంతువునూ కాపాడలేదనుకోండి. అయినా ఆ ఏడాది ఎవరిని గురించి ఆందోళన ఉండేదో వీటి మీద నమోదై ఉంది. నేటి బులియన్ ఏనుగుల్లో ఆ గుణం లేదు.

కొనేటప్పుడు ఇక్కడ ఒక మెలిక ఉంది. టాంజానియా, మారిషస్ వంటి దేశాల చిన్న వెండి నాణెం రెండు రకాలుగా వచ్చింది. ప్రూఫ్ నాణెం 28.28 గ్రాముల బరువుతో, వెయ్యికి 925 వంతుల వెండితో ఉంటుంది. అదే బొమ్మ, అదే ముఖవిలువ, అదే 38.6 మిల్లీమీటర్ల వెడల్పుతో వచ్చిన మామూలు నాణెం మాత్రం దాదాపు 25.4 గ్రాములే తూగుతుంది, అందులో వెండి సగమే. అంటే మొదటిదానిలో 26.16 గ్రాముల శుద్ధ వెండి ఉంటే, రెండవదానిలో 12.7 గ్రాములు మాత్రమే ఉంటుంది. ఫొటోలో రెండింటికీ తేడా తెలియదు. అమ్మేవారిని బరువు అడగండి, కాటా మీద పెట్టి తీసిన ఫొటో అడగండి. రెండవ రకాన్ని మొదటి రకం ధరకు అమ్మేవారంతా మోసగాళ్లు కానక్కర్లేదు, చాలామందికి ఆ సంగతే తెలియదు.

నాలుగవ మెట్టు: ధర లెక్క

వెండి నాణెం ధరలో రెండు భాగాలుంటాయి: లోహం విలువ, దాని పైన వేసే అదనం. మన పత్రికలు వెండి ధరను కిలోల్లో చెబుతాయి కాబట్టి, ఒక ఔన్సు శుద్ధ వెండి నాణేనికి కిలో ధరను 0.0311తో, పైన చెప్పిన 28.28 గ్రాముల ప్రూఫ్ నాణేనికి 0.02616తో గుణిస్తే లోహం విలువ వస్తుంది. మిగిలినదంతా అదనమే. క్రూగర్‌రాండ్ వంటి భారీ సంఖ్యలో వచ్చే నాణెం మీద ఈ అదనం తక్కువ. కొత్తగా వచ్చిన, పెట్టెలో పెట్టిన, సర్టిఫికెట్ జోడించిన ప్రూఫ్ నాణేల మీద ఎక్కువ. అది ఎందుకు చెల్లిస్తున్నామో మనకు మనం చెప్పుకోగలగాలి. ముఖవిలువను లెక్కలోకి తీసుకోకండి; ఔన్సు వెండి మీద అయిదు రాండ్లు అని ఉన్నంత మాత్రాన దానిని ఖర్చుపెట్టే వాడు ఎవడూ ఉండడు.

నాణెం కొనే ముందే, అదే దుకాణదారుడిని 'ఇదే నాణేన్ని వచ్చే నెల తెస్తే ఎంతకు తీసుకుంటారు' అని అడగాలి. అమ్మకపు ధరకూ కొనుగోలు ధరకూ మధ్య ఉన్న దూరమే ఆ నాణెం మీద మీరు పెడుతున్న నిజమైన ఖర్చు. జవాబు చెప్పడానికి తటపటాయించే చోట కొనకపోవడం మేలు.

విదేశాల నుంచి తెప్పించుకునేవారు కస్టమ్స్ సుంకాన్ని, దాని మీద పడే జీఎస్‌టీని, కొరియర్ వారి రుసుమును ముందే కలుపుకుని చూడాలి. బంగారు, వెండి నాణేల దిగుమతి నిబంధనలు తరచూ మారుతుంటాయి. ఆర్డరు పెట్టే రోజుకు అమలులో ఉన్న నిబంధనను కస్టమ్స్ వెబ్‌సైటులో చూసుకున్న తరువాతే డబ్బు కట్టాలి. పార్సిల్ మీద 'బహుమతి' అనో 'టోకెన్' అనో తప్పుడు వివరం రాయించుకోవడం జప్తుకు దారి తీస్తుంది. 

అయిదవ మెట్టు: ఇంట్లో పరీక్షించడం

ముందుగా వివరణలోని మాటలను చదవండి. 'రెప్లికా', 'ట్రిబ్యూట్', 'క్లాడ్', 'లేయర్డ్' అన్న మాటల్లో ఏది కనబడినా అది వెండి నాణెం కాదు. జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వంత కూడా ఉండదని వ్రతాలకు పూజాసామగ్రి కొనే ప్రతి ఇంట్లోనూ తెలుసు; అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. అయినా నాణెం రూపంలో వచ్చేసరికి ఆ సంగతి మరచిపోతుంటారు.

పరీక్షకు కావలసినవి గ్రాములో వందో వంతు దాకా తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా, వెడల్పు, మందం కొలిచే ఒక వెర్నియర్, ఒక గ్లాసు నీళ్లు, సన్నని నైలాన్ దారం. మొదట బరువు, తరువాత వెడల్పు, మందం చూసి జాబితాలోని కొలతలతో పోల్చాలి. వెండికన్నా తేలికైన లోహంతో చేసిన నకిలీ నాణెం సరైన బరువు తూగాలంటే వెడల్పో మందమో పెరగక తప్పదు, కాబట్టి మూడు కొలతలూ కలిపి చూస్తే చాలా నకిలీలు ఇక్కడే దొరికిపోతాయి.

అనుమానం మిగిలితే నీళ్ల పరీక్ష చేయాలి. గ్లాసులో ముప్పాతిక వరకు నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నాకు తేవాలి. నాణేన్ని దారంతో అంచు చుట్టూ కట్టి, మెల్లగా నీళ్లలోకి దించాలి. అది పూర్తిగా మునగాలి కానీ గ్లాసు అడుగునూ గోడలనూ తాకకూడదు. గాలి బుడగలు అంటుకుని ఉంటే దారాన్ని కొద్దిగా కదిపి వాటిని వదిలించాలి. ఇప్పుడు కాటా చూపే అంకె, నాణెం తొలగించిన నీటి బరువు. నాణెం అసలు బరువును ఆ అంకెతో భాగిస్తే లోహపు సాంద్రత వస్తుంది. శుద్ధ వెండి సాంద్రత 10.49, కాబట్టి 31.1 గ్రాముల సోమాలియా ఏనుగును దించితే కాటా 2.96 దగ్గర నిలవాలి. అదే బరువున్న జర్మన్ సిల్వర్ బిళ్ల అయితే అంకె మూడున్నర దాటుతుంది. బంగారు క్రూగర్‌రాండ్‌కు 1.93 దగ్గర రావాలి, ఎందుకంటే రాగి కలిసిన ఆ మిశ్రమం సాంద్రత పదిహేడున్నర ప్రాంతంలో ఉంటుంది. పరీక్ష పూర్తయ్యాక మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి, రుద్దకూడదు. ప్రూఫ్ నాణేలకు ఈ పరీక్ష చేయవద్దు. దారం ఒరుసుకున్న గీత కూడా వాటి విలువను తగ్గిస్తుంది.

అయస్కాంతం ఇనుమును పట్టిస్తుంది కానీ రాగిని పట్టించలేదు, కాబట్టి అది మొదటి వడపోత మాత్రమే. టంగ్‌స్టన్ సాంద్రత శుద్ధ బంగారానికి దాదాపు సమానం కనుక, ఖరీదైన బంగారు నాణేల విషయంలో నీళ్ల పరీక్షనే నమ్ముకోకుండా తెలిసిన నగల దుకాణంలో ఎక్స్ కిరణాలతో లోహాన్ని గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం కింద కూడా పెట్టించాలి. ఆ యంత్రమూ పై పొరనే చదువుతుంది కాబట్టి రెండు పరీక్షలూ ఒకదానికొకటి తోడు. గీటురాయి మీద గీసి చూస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. నగకు అది పరీక్ష కావచ్చు, నాణేనికి అది గాయం.

పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు నాణేన్ని పరీక్షించి, 1 నుంచి 70 వరకు ఉండే కొలమానం మీద అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తాయి. 1970ల ప్రూఫ్ బంగారు నాణేలకు ఆ ఖర్చు దండగ కాదు. నిరుడు వచ్చిన వెండి ఏనుగుకు 70 వేయించుకోవడానికి పెట్టే డబ్బుతో మరో నాణెం కొనుక్కోవచ్చని నా అభిప్రాయం. ఆ పెట్టె మీది నంబరును సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవడం మరువకండి, పెట్టెలకూ నకిలీలు వస్తున్నాయి.

ఆరవ మెట్టు: పాడు కాకుండా చూసుకోవడం

మన ఇళ్లలో వెండి నల్లబడితే చింతపండు, విభూతి, లేదా బజారులో దొరికే పొడి పట్టుకుని తళతళలాడేదాకా తోముతాము. వెండి కుంచం, కుందులకు అది సరిపోతుంది. నాణెం మీద అలా ఒక్కసారి తోమినా ఉపరితలం మీద సన్నని గీతల వల ఏర్పడుతుంది, చూడగానే ఏ సేకర్తకైనా తెలిసిపోతుంది. నల్లబడడం గంధకపు ఆవిర్ల వల్ల జరిగే సహజమైన మార్పు. సమానంగా పట్టిన ఛాయను కొందరు కోరి మరీ కొంటారు. దానిని అలాగే వదిలేయండి. బులియన్ వెండి మీద పాలచుక్కల్లా వచ్చే తెల్లమచ్చలు కూడా చాలా టంకశాలల నాణేల్లో కనిపించేవే, రుద్దితే పోవు.

నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకుని, మెత్తని గుడ్డ పరచిన బల్ల మీద మాత్రమే చూడాలి. మాట్లాడుతూ చూడవద్దు, తుంపర్లు పడి ఎండిన చోట ప్రూఫ్ నేపథ్యం మీద శాశ్వతమైన చుక్కలు మిగులుతాయి. నాణెం వెడల్పుకు సరిపోయే గట్టి క్యాప్సూల్ (పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బీ) కొనాలి. వెండి క్రూగర్‌రాండ్, బిగ్ ఫైవ్ నాణేలు 38.7 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటాయి. సోమాలియా ఏనుగు అంతకన్నా కొద్దిగా వెడల్పు, కాబట్టి అన్నింటికీ ఒకే కొలత తెప్పించుకోవద్దు. మెత్తగా వంగే, ప్లాస్టిక్ వాసన వేసే పీవీసీ కవర్లు అన్నింటికన్నా ప్రమాదకరమైనవి: కొన్నేళ్లకు వాటి నుంచి జిడ్డు ఊరి నాణెం మీద పచ్చగా పేరుకుంటుంది. అలా జరిగిన నాణేన్ని గాజు గిన్నెలో శుద్ధమైన అసిటోన్ పోసి కొద్దిసేపు ఉంచి, తీసి, రుద్దకుండా ఆరనిస్తే చాలావరకు బాగుపడుతుంది. ఈ పని పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట చేయాలి. గోళ్ల రంగు తుడిచే ద్రావకం దీనికి బదులు కాదు, రంగు వేసిన నాణేలకు అసిటోన్ అసలే పనికిరాదు.

విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు వంటి కోస్తా ఊళ్లలో ఉప్పుగాలి, ఉక్క రెండూ వెండికి శత్రువులే. మూత బిగుసుకునే డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ సంచులు వేసి, వానాకాలానికి ముందు వాటిని మార్చడం అలవాటు చేసుకోవాలి. చెక్క బీరువా అర, దినపత్రిక చుట్ట, రబ్బరు బ్యాండు వద్దే వద్దు. కలరా ఉండలను నాణేల డబ్బాలో వేయకండి, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు ఉంచాలని ఇంట్లో ఎవరైనా అడిగితే క్యాప్సూల్ తీయకుండా ఉంచండి. పసుపు, కుంకుమ ప్రూఫ్ నాణెం మీద పడితే తుడవడమే నష్టం.

ఏడవ మెట్టు: లెక్కాపత్రం

ప్రతి నాణేనికీ ఒక పుట కేటాయించి దేశం, సంవత్సరం, ముఖవిలువ, లోహం, బరువు, టంకశాల, కొన్న తేదీ, కొన్న ధర, ఆనాటి వెండి ధర రాసుకోవాలి. రెండు వైపులా ఫొటోలు తీసి, అంచు ఫొటో కూడా చేర్చండి. దొంగతనం జరిగినా, బీమా అడిగినా, నాణెం మీదేనని చూపడానికి గీతలు, మచ్చలు కనబడే ఆ ఫొటోలే ఆధారం. కొనుగోలు రసీదును, కస్టమ్స్ సుంకం కట్టిన కాగితాన్ని నాణేలతో పాటు కాకుండా వేరే చోట దాచండి. పెట్టె, సర్టిఫికెట్ ఉన్న నాణేలకు వాటిని విడదీయవద్దు. 1970ల సంరక్షణ నాణేల విషయంలో నాటి పెట్టె దొరకడమే కష్టం, ఉన్నప్పుడు ధరలో ఆ తేడా కనబడుతుంది.

అమ్మవలసి వస్తే బులియన్ నాణేలను ఒక్కొక్కటిగా, వెండి ధర బాగున్న రోజున అమ్మవచ్చు. ఒక దేశపు సంరక్షణ నాణేలను మాత్రం జతగానే అమ్మండి. జిరాఫీ పోయిన ఖడ్గమృగానికి మళ్లీ జత దొరికే సరికి చాలా కాలం పడుతుంది. ఇంట్లో నాణేల సంగతి తెలియని వారి కోసం, ఏవి లోహపు ధరకు అమ్మవచ్చో, ఏవి సేకర్తకు చూపకుండా ఇవ్వకూడదో ఆ పుస్తకం మొదటి పుటలోనే రాసి పెట్టండి. లేకపోతే సూడాన్ ఓరిక్స్ నగల దుకాణంలో గ్రాముల లెక్కన తూగి కరిగిపోతుంది.